ఎడమ పిక్క మానుతున్న రోజులు

మొదటి రోజు

ఇవాళ్టితో సూదులు అయిపోయాయి. ఇది మూడో విడత, ఆఖరిది. రెండు కాళ్ళకీ మోకాలి కింద జానెడు, రెండు చేతులకీ మణికట్టు పైన బెత్తెడు. అక్కడ ఇక వెంట్రుక మొలవకూడదని సలోమి అంది. మొలిస్తే తనకే సిగ్గట.

సముద్రం అడుగునున్న మా నడిమి గూటికంతటికీ సూదులు వేసేది సలోమి ఒక్కతే. వెంట్రుక కుదురులోకి సన్నటి సూది దింపి, చిటికెడు కరెంటు పంపుతుంది. వేరు చచ్చాక పట్టకారుతో లాగితే వెంట్రుక ఇట్టే వచ్చేస్తుంది. ఒక్కో వెంట్రుకకీ ఇదే తంతు. ఈ విడతలో కాళ్ళకే ఆరు వందల పైచిలుకు. పడుకుని కప్పు వైపు చూస్తూ, పై సముద్రం బరువంతా మోస్తున్న ఆ కప్పుకి లేని నొప్పి నాకెందుకని పళ్ళు బిగబట్టాను.

బయట నీళ్ళలో ఈదడానికి వేసుకునే తొడుగు బిగిసేది సరిగ్గా ఈ నాలుగు చోట్లే. వెంట్రుక ఉంటే దాని పక్కనుంచి నీళ్ళు దారి చేసుకుంటాయి. గొరిగితే మర్నాటికల్లా మొనలు మొలిచి పొరను గుచ్చుతాయి. తొడుగు ఒకసారి వేసుకుంటే మూడు రోజుల దాకా విప్పడానికి లేదు కాబట్టి వేళ్ళతో సహా పోవాల్సిందే. నలభై ఆరేళ్ళ వయసులో నున్నటి కాళ్ళు! మా అమ్మ చూస్తే నవ్వేది.

సలోమి తలుపుకి నా పేరుతో ఒక పట్టీ తగిలించింది. రోజూ వచ్చి అందులో రంగు, దురద, నొప్పి రాయాలి. "మూడు గళ్ళే పైడమ్మగారూ. మీ కోపాలన్నీ అందులో రాయకండి" అంది. అందుకని కోపాలు రాసుకోవడానికి ఈ పుస్తకం పెట్టుకున్నాను.

రెండో రోజు

సూది పడిన ప్రతిచోటా కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఉంది. వాపు కొంచెం, మంట కొంచెం. చల్లటి గుడ్డ వేసుకుని పనికి వెళ్ళాను.

నా పని తొడుగులు ఉతకడం. బయటికెళ్ళి నాచు తోటలు చూసొచ్చే వాళ్ళవి, తీగలు బాగుచేసే వాళ్ళవి, అందరివీ నా దగ్గరికే వస్తాయి. మంచినీళ్ళలో జాడించి, లోపలికి గాలి ఊది, పైన సబ్బు నురగ పూస్తాను. ఎక్కడ చిల్లుంటే అక్కడ బుడగ లేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. బుడగ లేవలేదంటే ఆ తొడుగు మంచిదని నేను చెప్పాక ఎవరూ మళ్ళీ అడగరు.

ఈసారి ఆ వరుసలో నా తొడుగు కూడా ఉంటుంది. అప్పని చూడ్డానికి వెళ్తున్నాను.

అయిదో రోజు

చిన్న చిన్న పెచ్చులు కట్టాయి. ఆవగింజంత లేవు. గోధుమ రంగు. దురద మొదలైంది, పట్టీలో రాశాను.

అప్ప మాట్లాడింది. అప్పంటే మా అక్క బంగారమ్మ, నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. తూర్పు గూట్లో ఉంటుంది. రెండు గూళ్ళ మధ్యనున్న రాకపోకల గొట్టం కూలిపోయి పదకొండేళ్ళయింది. అప్పట్నుంచీ తీగ మీద గొంతు వినడమే తప్ప మొహం చూసుకున్నది లేదు. ఏడాదికి ఇరవై రోజులు సముద్రపు పోటు తగ్గి నీళ్ళు నెమ్మదిస్తాయి. ఆ రోజుల్లో తాడు పట్టుకుని ఈదుకుంటూ వెళ్ళొచ్చు. గూటికి ఆరుగురినే పంపుతారు, వంతుల ప్రకారం. పదకొండేళ్ళకి నా వంతు వచ్చింది.

"ఎలగున్నావే?" అంది అప్ప.

"కాళ్ళు కాలినట్టున్నాయి. నువ్వెలగున్నావు?"

"బాగానే ఉన్నాను. కుడికన్ను మూసుకుపోనాది. ఎడందాంట్లో కాస్త ఎలుగుంది. నువ్వొచ్చేసరికి ఉంటాదిలే."

అప్ప ఎప్పుడూ ఇంతే, పెద్ద మాటను ఉప్పు తక్కువైనట్టు చెబుతుంది. వైద్యుడు రెండు నెలలు అన్నాడట. దారి తెరుచుకునేది నా లెక్కలో అరవయ్యో రోజున. ఆ కంట్లో వెలుగు ఉండగానే నా మొహం ఒకసారి దానికి చూపించాలి. నాకు కావల్సింది అంతే.

ఏడో రోజు

ఎండ దీపాల గదిలో అందరూ రోజూ పావుగంట కూర్చోవాలి, ఎముకల కోసం. నేను మాత్రం కాళ్ళకి నల్ల మేజోళ్ళు వేసుకుని కూర్చుంటున్నాను. కొత్త చర్మం మీద ఆ వెలుగు పడితే మచ్చ ముదురుతుందట.

సలోమి నాకు నియమాల కాగితం మళ్ళీ చదివి వినిపించింది. పెచ్చు దానంతట అది రాలాలి. గోకకూడదు, రుద్దకూడదు, గోరు కూడా తగలకూడదు. సూది పడిన చోటును నిర్లక్ష్యంతో గాయం చేసుకున్నవారి వంతు, వరుసలో తర్వాతివారికి పోతుంది.

"అర్థమైందా?" అంది.

"నేనేం చిన్నపిల్లనా?" అన్నాను.

తొమ్మిదో రోజు

చిన్నపిల్లకంటే అన్యాయం.

పక్కగది తౌడమ్మ పెద్దమ్మ పొద్దున్నే ఇత్తడి గిన్నెతో వచ్చింది. మాతోపాటు పై నేల నుంచి దిగిన పెద్దవాళ్ళలో మిగిలిన ఆఖరి మనిషి ఆవిడ. అటకమీద తొట్టెల్లో పెసలు పండిస్తుంది, తినడానికి కాదు, సున్నిపిండికి. గూడు దాటి వెళ్ళే ఎవరికైనా ఆవిడ చేత్తో నలుగు పడాల్సిందే.

"తోడబుట్టినదాన్ని సూడ్డానికెల్తున్నావు. నలుగెట్టకుండా నిన్నెలా పంపుతాను? దిష్టి తగల్దేటి?" అంది.

"ఇంకా యాభై రోజులుంది పెద్దమ్మా."

"ఉంటే ఉండనీ. ఆయేలకి నానుంటానో లేదో."

ఎడమ కాలు చాపాను. నూనె రాసి, పిండి చల్లి, మోకాలి నుంచి కిందికి రుద్దింది. ఎంత హాయి! తొమ్మిది రోజుల దురద ఒక్కసారిగా తీరిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి. చిన్నప్పుడు అప్ప నాకిలాగే రుద్దేది. వద్దని చెప్పాల్సిన నోరు నాదే, మూసుకుని కూర్చున్నదీ నేనే. కళ్ళు తెరిచేసరికి ఆవిడ అరచేతిలో పిండి ముద్దతోపాటు గోధుమ రంగు పొట్టు కూడా కనిపించింది. పెచ్చులన్నీ ఊడిపోయాయి.

అంతలో పొయ్యి మీద అంబలి పొంగుతోందని ఎవరో కేకేస్తే పెద్దమ్మ లేచి పరిగెత్తింది. అలా కుడి కాలు బతికింది.

సాయంత్రం సలోమి తలుపు దగ్గర పట్టీలో "విశేషం లేదు" అని రాశాను. నా చేతిరాత నాకే కొత్తగా కనిపించింది.

పద్నాలుగో రోజు

కుడి కాలు పెచ్చులు వాటంతటవే రాలుతున్నాయి. కింద లేత గులాబి చుక్కలు. ఎడమ కాలు నాలుగు రోజులు రసి కారి, ఆగి, ఇప్పుడు వక్కపొడి చల్లినట్టు అయింది. మోకాలి కింద నుంచి జానెడు మేరా చుక్కలే.

ఆ చుక్కల మధ్య ఒక్కటే తెల్లటి చోటు, చింతగింజంత. అది పాత మచ్చ. మేం పైన ఉన్నప్పుడు, నాకు ఆరేళ్ళప్పుడు, అప్ప సైకిలు వెనక కూర్చుని కాలు చక్రంలో పెట్టాను. అక్కడ వెంట్రుకే మొలవదు. సలోమి సూది దాన్ని ముట్టుకోలేదు.

"గోకారా?" అని సలోమి అడిగింది.

"లేదు" అన్నాను. అది నిజమే. నిజం చెప్పి ఇంత సిగ్గుపడింది ఎప్పుడూ లేదు.

ఇరవై ఆరో రోజు

మచ్చలు ముదిరాయి. తాటిబెల్లం రంగు. నొప్పి లేదు, దురద లేదు, చేత్తో తడిమితే చర్మం నున్నగానే ఉంది. ఉన్నదల్లా రంగే.

సలోమి దీపం దగ్గరగా పట్టి చాలాసేపు చూసింది. మనలాంటి చామనఛాయ ఒంటికి ఎక్కడ చిరాకు కలిగినా చర్మం అక్కడ రంగు దాచుకుంటుందనీ, చేతులు తొందరగా తేరుకుంటాయి గానీ కాళ్ళు బద్ధకిస్తాయనీ చెప్పింది. నెలలు పడుతుంది, పోవడం మాత్రం పోతుంది అంది.

"మరి ఒక్క కాలికే ఎందుకిలా?" అని తనలో తానే అనుకుంటూ సూదుల పెట్టె తెరిచి ఒక్కో సూదినీ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. సూదుల్లో లోపం వెతుకుతోంది పాపం. నేను మేజోళ్ళు తొడుక్కుని వచ్చేశాను. పెద్దమ్మ పేరు బయటికి రాకూడదు, నా వంతు పోకూడదు. ఈ రెండూ చెప్పుకుంటూ అన్నం తిన్నాను, సహించలేదు.

నలభై ఒకటో రోజు

అప్ప మాట్లాడింది. ఇప్పుడు దానికి మనుషులు నీడల్లా కనిపిస్తున్నారట. "నువ్వొచ్చినప్పుడు దీపం కింద నిల్చో, సరిపోద్ది" అంది.

ఎడమ కాలు: తాటిబెల్లమే. కుడి కాలు: చుక్కలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

అరవయ్యో రోజు

పరీక్ష గదిలో కంటిపెట్టె ఉంటుంది. కాలు లోపల పెడితే చర్మాన్ని చుక్క చుక్కగా చూసి చెబుతుంది. దానికి వచ్చినవి రెండే మాటలు, మానింది, గాయం. అది ఎవరి కాళ్ళు చూసి నేర్చుకుందో తెలియదు గానీ, మన కాళ్ళు చూసి మాత్రం కాదు.

రెండు చేతులకీ "మానింది" అంది. కుడి కాలికీ అదే. ఎడమ కాలు పెట్టగానే గాయం, గాయం, గాయం అంటూ మొదలుపెట్టి ఆగలేదు. మధ్యలో ఒక్కసారి "మానింది" అంది. అది సైకిలు మచ్చ. అసలు దెబ్బ తగిలిన చోటు ఒక్కటే దానికి నచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పరీక్షాధికారి సోమయాజులు గారు మెత్తని మనిషి. గొంతు పెంచరు. కానీ కాగితం మీద రాశారంటే రాశారే.

"ఒకే రోజు, ఒకే చెయ్యి, ఒకే సూది. ఒక కాలు అలా, ఒక కాలు ఇలా" అని పట్టీ తిప్పి చూశారు. "తొమ్మిదో రోజు నుంచీ విశేషం లేదనే రాశారు. అంటే లోపం సూదిలో ఉంది. సలోమీ, ఇది తేలేదాకా మీరు సూది పట్టకూడదు."

సలోమి "సరేనండి" అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు పదిహేనేళ్ళుగా ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

చెప్పినా, ఆగిన నా వంతు ఎలాగూ కదలదుగా అని ఒక బుద్ధి అంది. చెబితే ఆగడం కాదు, పూర్తిగా పోతుంది, అప్ప నీడలు కూడా చూడలేని రోజులు వచ్చేస్తాయి అని ఇంకో బుద్ధి అంది. రెండు బుద్ధులూ నోరు మూసుకోమనే చెబుతున్నాయని తెలిసి నామీద నాకే అసహ్యం వేసింది.

"లోపం సూదిలో లేదండి" అన్నాను. "తొమ్మిదో రోజున నలుగు పెట్టించుకున్నాను. పెచ్చులు ఊడొచ్చాయి. పట్టీలో అబద్ధం రాశాను. నిజం ఇందులో ఉంది." ఈ పుస్తకం ఆయన బల్ల మీద పెట్టాను.

సలోమి నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

అరవై రెండో రోజు

సోమయాజులు గారు పుస్తకం నిన్న సాయంత్రం తిరిగి ఇచ్చారు, అరవయ్యో రోజు సంగతి అప్పుడే రాశాను. మొత్తం చదివారట. చిన్నపిల్లకంటే అన్యాయం అన్నచోట కింద గీత గీశారు.

ఇవాళ పరీక్ష గదికి పిలిపించి, "నియమం ప్రకారం మీ వంతు పోవాలి" అన్నారు.

తలుపు తోసుకుని తౌడమ్మ పెద్దమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో ఏమో. చేతిలో అదే ఇత్తడి గిన్నె.

"నలుగు నానే ఎట్టినాను బాబూ. దానికేటీ తెల్దు. సిచ్చ నాకెయ్యండి, గుంటని ఒగ్గీయండి" అంది. నలభై ఆరేళ్ళ గుంటని నేను. తర్వాత నా వైపు తిరిగి, "నా సేత్తో నీ కాలు పాడుసేసినానేటే? నోరిప్పి సెప్పొద్దా?" అని కళ్ళు తుడుచుకుంది.

"హాయిగా ఉంది పెద్దమ్మా, అందుకే చెప్పలేదు" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

సోమయాజులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. అప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. ఇంత ఆలస్యంగా గుర్తొచ్చినందుకు నెత్తి కొట్టుకోవాలి.

"అయ్యా, నియమంలో గాయం చేసుకున్నవారి వంతు అని ఉంది. ఇది గాయమో, రంగో ఆ పెట్టె చెప్పలేదు. సబ్బు నురగ చెబుతుంది."

"ఎలా?"

"గాయమైతే చర్మం లేచి ఉంటుంది, తొడుగు అంచు సరిగా అతకదు. అతకకపోతే గాలి పోతుంది. గాలి పోతే బుడగ లేస్తుంది."

ఉతికే గదికి అందరం వెళ్ళాం. తొడుగు కాలు ముక్క ఒకటి ఎడమ కాలికి బిగించి, గాలి ఊదించి, అంచు చుట్టూ నురగ పూశాను. సోమయాజులు గారు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. నురగ అలాగే, పాల మీగడలా కదలకుండా నిలిచింది. ఒక్క బుడగా లేదు.

"కుడి కాలికి కూడా వేయండి" అన్నారాయన. వేశాను. అక్కడా లేదు. "రెండింటికీ తేడా లేదే" అన్నారు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

అరవై అయిదో రోజు

సలోమికి సూదులు తిరిగి ఇచ్చేశారు. నా సంగతి మాత్రం గూటి పెద్దల ముందుకి వెళ్ళింది. కంటిపెట్టె మాట తోసేయడం ఇంతవరకూ ఎప్పుడూ జరగలేదట. ఇవాళ ఒకటి, వారం తర్వాత ఒకటి, రెండు నురగ పరీక్షలూ నెగ్గితే ఆఖరి జట్టులో పంపుతామన్నారు. ఆఖరి జట్టంటే డెబ్బై ఎనిమిదో రోజున తొడుగు, మర్నాడు ఈత, ఎనభయ్యో రోజుకి అక్కడ. అప్పకి ఆ సంగతి చెప్పాను.

"రా. కంగారు పడకు" అంది. వెలుగు సంగతి నేను అడగలేదు, అదీ చెప్పలేదు.

సలోమి నాతో మాట్లాడలేదు. కానీ ఇవాళ పట్టీ కాగితం మార్చి కొత్తది తగిలించింది. ఇప్పుడు నాలుగు గళ్ళున్నాయి. నాలుగోదాని పైన "నురగ" అని రాసి ఉంది.

డెబ్బై రెండో రోజు

రెండో పరీక్ష కూడా నెగ్గాను. రంగు కాస్త తగ్గింది, బెల్లం నీళ్ళంత. సలోమి కాలు చూస్తూ, "మీ పుస్తకం ఒకసారి ఇవ్వండి. రంగులన్నీ రాసుకుంటాను. వక్కపొడి, తాటిబెల్లం, బెల్లం నీళ్ళు. రేపొచ్చే వాళ్ళకి చూపిస్తాను, భయపడకుండా ఉంటారు" అంది.

"అబద్ధం రాసినదాని పుస్తకం నీకెందుకు?"

"పట్టీలో రాసినదే అబద్ధం. పుస్తకంలో లేదుగా" అంది. అప్పుడు ఏడ్చాను. తను నవ్వింది.

డెబ్బై ఎనిమిదో రోజు

తొడుగు వేశారు. వెళ్ళే ముందు తౌడమ్మ పెద్దమ్మ గిన్నె తెచ్చింది. సున్నిపిండి వేలి కొసకి అంటించి నా బొటనవేలి గోరు మీద చుక్క పెట్టింది, అంతే. "ఇక్కడైతే ఏటీ ఊడదు కదే?" అంది.

ఎనభయ్యో రోజు, తూర్పు గూడు

తాడు పట్టుకుని నిన్నంతా ఈదాం, మధ్య మజిలీలో ఆగాం, ఇవాళ మధ్యాహ్నానికి చేరాం. తొడుగులోకి ఒక్క చుక్క నీరు రాలేదు. విప్పి, ఎడమ కాలు తడిమి చూసుకున్నాను. పొడిగా ఉంది.

అప్ప దీపం కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది. నేను దాని ఎదురుగా, వెలుగు నా మొహం మీద పడేలా నిలబడ్డాను. అప్ప నా చెవి పక్కగా ఎక్కడికో చూసి నవ్వింది.

"వచ్చినావా? ఇటుపక్కనే ఉన్నావు కదూ?"

"ఎప్పుడు పోయింది అప్పా?"

"పన్నెండు రోజులైనాది. సెప్తే నువ్వక్కడ ఏడుస్తా కూకుంటావని సెప్పనేదు."

ఆ పన్నెండు రోజులూ నా ఆలస్యంలోవే. నలుగు హాయిగా ఉందని కళ్ళు మూసుకున్నదీ నేనే. ఆ మాట దానితో చెప్పాను. తొమ్మిదో రోజు సంగతంతా, పొట్టుతో సహా చెప్పాను. దాని కాళ్ళ దగ్గర కూర్చుని, మొహం దాని ఒళ్ళో పెట్టి చెప్పాను. అప్ప నా మొహమంతా అరచేతులతో తడిమింది, నుదురు, ముక్కు, కొత్తగా వచ్చిన గడ్డం కింది మడత.

"లావయ్యావే" అంది. తర్వాత, "ఏదీ, అంత గోల సేసిన కాలు ఇటెట్టు" అంది.

ఎడమ కాలు దాని ఒళ్ళో పెట్టాను. మోకాలి నుంచి కిందికి మెల్లగా వేళ్ళు జరుపుకుంటూ వచ్చింది. తాటిబెల్లం చుక్కల మీదుగా, బెల్లం నీళ్ళ చుక్కల మీదుగా, ఎక్కడా ఆగకుండా వచ్చింది. కంటిపెట్టె గాయం గాయమని అరిచిన చోట్లన్నీ దాటి, చింతగింజంత చోట దాని బొటనవేలు ఆగింది.

"ఇది నా సైకిలు దెబ్బే కదే" అంది. ఇంకోసారి పైనుంచి కింది దాకా తడిమింది. "మిగతావేటి? ఇంకేటీ లేవే."

ఉన్నాయని చెప్పబోయి ఊరుకున్నాను. అప్ప బొటనవేలు ఆ మచ్చ మీదే పెట్టి చాలాసేపు కూర్చుంది.

సలోమి పట్టీ కాగితం ఒకటి వెంట ఇచ్చింది, మళ్ళీ దారి తెరుచుకునేదాకా ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నింపమని. ఇవాళ్టివి రాశాను. నొప్పి: లేదు. దురద: లేదు. నురగ: బుడగ లేవలేదు. రంగు గడిలో "ఇవాళ చూడలేదు" అని రాశాను.